ముంబై తాజ్‌లో ఒక రాత్రి: తిరుపతి నుంచి వెళ్లేవాళ్లకు గది, కిటికీ, బిల్లు లెక్కలు

తిరుపతిలో గది తీసుకునే అలవాటు వేరు. టీటీడీ వసతి గృహాలైన శ్రీనివాసంలోనో విష్ణునివాసంలోనో గది దొరికిందంటే, చేతికి వచ్చిన వేళ నుంచి ఇరవై నాలుగు గంటలు మనదే. బస్టాండు చుట్టుపక్కల చాలా లాడ్జీల్లోనూ అదే పద్ధతి. రాత్రి పదకొండుకు దిగినా, తెల్లారి నాలుగుకు దిగినా నష్టపోయేదేమీ లేదు. ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదురుగా ఉన్న తాజ్ మహల్ ప్యాలెస్‌కి ఇదే అలవాటుతో వెళితే మాత్రం డబ్బు వృథా అవుతుంది. అక్కడ చెక్ ఇన్ మధ్యాహ్నం 2 గంటలకు, చెక్ ఔట్ మర్నాడు 12 గంటలకు. ఒక రాత్రి అంటే ఇరవై రెండు గంటలు, అది కూడా సరిగ్గా రెండింటికి కౌంటర్ దగ్గర ఉంటేనే. రాత్రి తొమ్మిదికి చేరేలా టికెట్లు తీసుకుంటే పదిహేను గంటలు మిగులుతాయి. అందులో సగం నిద్రకే సరి.

ఆ హోటల్‌లో అంత ధర పెట్టేది ముఖ్యంగా సముద్రం వైపు తెరుచుకునే కిటికీ కోసం. పరుపు, బాత్రూమ్, టిఫిన్ ఇంతకంటే తక్కువకే ఇంత బాగా దొరికే చోట్లు ముంబైలోనే ఉన్నాయి. అందుకే ఏ వింగ్, ఏ వైపు గది, వెలుతురు ఉండగా ఎన్ని గంటలు అన్నవి తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి.

హోటల్ తెరిచింది 1903 డిసెంబరు 16న. కట్టించింది జంషెట్‌జీ టాటా. ఎదురుగా ఉన్న గేట్‌వే పూర్తయింది 1924లో. చాలామంది గేట్‌వే పక్కన హోటల్ కట్టారనుకుంటారు గానీ, వయసులో హోటలే ఇరవై ఏళ్లు పెద్దది. పాత రాతి భవనాన్ని ప్యాలెస్ వింగ్ అంటారు. దాని పక్కన పొడుగ్గా నిలబడ్డది టవర్ వింగ్, 1973 నాటిది. రెండూ లోపల కలిసే ఉంటాయి, లాబీ నుంచి దుకాణాల వరస మీదుగా నడిచి వెళ్లొచ్చు. పాత భవనాన్ని పొరపాటున వెనక్కి తిప్పి కట్టారనీ, అది చూసి ఆర్కిటెక్ట్ ప్రాణం తీసుకున్నాడనీ టాక్సీవాళ్లు చెప్పే కథ ఒట్టిదే. అప్పట్లో రాకపోకలు ఊరివైపు నుంచి సాగేవి, ప్రధాన ద్వారం కూడా అటే ఉండేది. ఇప్పుడు అక్కడ ఈత కొలను ఉంది.

బుకింగ్ పేజీలో తేడా తెలిసేది గది పేరులోనే. సిటీ వ్యూ, పూల్ వ్యూ, సీ వ్యూ అని ఉంటాయి. ప్యాలెస్ వింగ్ అన్నంత మాత్రాన సముద్రం కనిపించదు. పూల్ వైపు గదులు ప్రశాంతంగా ఉంటాయి, పాతకాలపు కారిడార్ల అందమూ దక్కుతుంది, కానీ కిటికీ తీస్తే కనిపించేది కొలను, దాని చుట్టూ గోడలు. టవర్‌లో సిటీ వ్యూ తీసుకుంటే చుట్టూ ఉన్న కొలాబా పేట మేడల కప్పులు కనిపిస్తాయి. ఒకే ఒక్క రాత్రికి వెళ్లేవాళ్లు ఈ రెండూ తీసుకోకపోవడం మంచిది. అదే డబ్బుతో ఇంకోచోట పెద్ద గది వస్తుంది.

ఇక మిగిలింది సీ వ్యూ. అందులో టవరా, ప్యాలెసా? టవర్ పై అంతస్తుల నుంచి చూస్తే గేట్‌వే, దాని ముందు పడవలు, దూరంగా లంగరేసిన ఓడలు, నేవీ నౌకలు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. రేవు మొత్తం కింద పరిచినట్టుంటుంది. గదులు కొత్త పద్ధతివి, ప్యాలెస్‌తో పోలిస్తే ప్రత్యేకత తక్కువ, ధరా తక్కువ. ప్యాలెస్ వింగ్‌లో కిటికీలు లోతైన గోడల్లో ఉంటాయి, చూపు అంత విశాలంగా ఉండదు. కానీ కింద గేట్‌వే ముందున్న ఖాళీ చోటులో, అంటే చౌకులో, జనం, పావురాలు, ఫొటోలు తీసేవాళ్ల సందడి దగ్గరగా ఉంటుంది. కారిడార్లు, మధ్య గుమ్మటం కింద ఆధారం లేనట్టు గోడకు వేలాడే మెట్లు, పాత బొమ్మలు, సామాను ఇవన్నీ ప్యాలెస్ వైపే. చూపు ముఖ్యమైతే టవర్ పై అంతస్తు సీ వ్యూ, భవనం ముఖ్యమైతే ప్యాలెస్ సీ వ్యూ. ఒక్కటే చెప్పమంటే మొదటిసారి వెళ్లేవాళ్లకు టవర్ చాలు. ప్యాలెస్ మెట్లు, కారిడార్లు చూడ్డానికి ప్యాలెస్‌లోనే పడుకోనక్కర్లేదు, బస చేసినవాళ్లకు హోటల్ వాళ్లే హెరిటేజ్ వాక్ పెట్టి తిప్పి చూపిస్తారు. చెక్ ఇన్ చేసేటప్పుడే ఏ వేళకో అడిగి పేరు రాయించుకోవాలి.

బుక్ చేశాక హోటల్‌కి మెయిల్ పెట్టి, పై అంతస్తు కావాలని, రెండింటికల్లా గది సిద్ధంగా ఉండాలని అడగాలి. ఇది విన్నపమే తప్ప హామీ కాదు. అయినా ముందు అడిగినవాళ్ల పేరు పక్కన ఒక గుర్తు ఉంటుంది, కౌంటర్ దగ్గర మొదటిసారి నోరు విప్పినవాళ్లకి ఆ అవకాశం తక్కువ. ధర తక్కువగా చూపించే రేటు చాలాసార్లు డబ్బు వాపసు రాని రేటు. రైలు వెయిటింగ్ లిస్టులో ఉండగా దాన్ని ముట్టుకోకూడదు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. ముంబైలో తాజ్ అన్న పేరుతో ఒక్క హోటలే లేదు. బాంద్రాలో తాజ్ ల్యాండ్స్ ఎండ్ ఉంది, అదీ సముద్రం ఒడ్డునే. విమానాశ్రయం దగ్గర తాజ్ శాంతాక్రూజ్ ఉంది. తొందరలో ఒకటి అనుకుని ఇంకోటి బుక్ చేసేవాళ్లున్నారు, క్యాబ్ యాప్‌లో ఉత్త ‘తాజ్’ అని కొట్టి పాతిక కిలోమీటర్లు తేడాగా దిగేవాళ్లూ ఉన్నారు. అపోలో బందర్, కొలాబా అన్న చిరునామా చూసుకోవాలి.

దిక్కు విషయంలో పొరబడేవాళ్లు ఇంకా ఎక్కువ. ముంబై పడమటి తీరం కాబట్టి గదిలోంచి సూర్యాస్తమయం కనిపిస్తుందని అనుకుంటారు. ఈ హోటల్ చూసేది తూర్పుకు, రేవు వైపుకు. కనిపించేది సూర్యోదయం. అస్తమయం కావాలంటే సాయంత్రం మెరైన్ డ్రైవ్‌కి వెళ్లాలి, మూడు కిలోమీటర్లు ఉంటుంది. గదిలోంచే అస్తమయం చూడాలనుకునేవాళ్లకు నారిమన్ పాయింట్‌లోని ఒబెరాయ్, ట్రైడెంట్ సరైనవి. ఇంకో చిన్న లెక్క: ముంబైలో సూర్యుడు మన తిరుపతి కంటే సగటున పాతిక నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. జనవరిలో ఏడుంబావు అవుతుంది. ఇక్కడి అలవాటుతో ఆరింటికి లేచి చూస్తే ఇంకా చీకటే. పైగా ఆ హోటల్ ముందు ఇసుక తీరం ఉండదు. రాతి గట్టు, పడవ మెట్లు, డీజిల్ వాసన ఉంటాయి. పిల్లలకు బీచ్ అని చెప్పి తీసుకెళ్లొద్దు.

కాలం సంగతి క్లుప్తంగా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, సముద్రం బూడిద రంగులో ఉంటుంది, రేట్లు కాస్త దిగుతాయి. వానలో రేవును అద్దం వెనక నుంచి చూడటం ఇష్టమైనవాళ్లకు అది మంచి బేరమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయి, ధరలు అందుకు తగ్గట్టే ఉంటాయి. డిసెంబరు 4 నేవీ డే, ఆ రోజుల్లో గేట్‌వే దగ్గర నౌకాదళం కార్యక్రమాలు జరుగుతాయి కనుక చౌకులోకి రాకపోకలు ఆపేస్తారు. డిసెంబరు 31 రాత్రి అటు టాక్సీ వెళ్లడమే కష్టం.

ఇప్పుడు బిల్లు. ఏడున్నర వేలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22 తర్వాత చిన్న గదులకు 5 శాతానికి తగ్గించారు గానీ, ఈ స్థాయి హోటళ్లకు ఆ తగ్గింపు వర్తించదు. ఉదాహరణకు గది రేటు 25,000 అని కనిపించిందనుకుందాం. పన్ను 4,500. కట్టేది 29,500. ఇంత ఖరీదైన గదులున్న హోటల్ లోపలి రెస్టారెంట్లలో తిండికి కూడా 18 శాతమే, బయటి హోటళ్లలోలాగా 5 కాదు. టిఫిన్ కలిసిన రేటు, కలవని రేటు మధ్య తేడా ఇద్దరికి ఎంత పడుతుందో చూసి, ఆ తేడా విడిగా తినే ఖర్చు కంటే తక్కువగా ఉంటేనే కలిపిన రేటు తీసుకోవాలి. అదనపు మంచానికి విడిగా కట్టాలి, దాని మీదా పన్ను. తిరుపతిలో ఒక గదిలో పరుపులు పరుచుకుని ఆరుగురు సర్దుకున్నట్టు ఇక్కడ కుదరదు. గదికి ఇద్దరు, మంచం వేయించుకుంటే ముగ్గురు అని లెక్క పెట్టుకోండి.

తిరుమలలో గది డిపాజిట్ మనకు తెలిసిందే, ఖాళీ చేశాక ఖాతాలో వెనక్కి పడుతుంది. ఇలాంటి హోటళ్లలోనూ చెక్ ఇన్ వేళ కార్డు మీద కొంత మొత్తం నిలిపి ఉంచుతారు, గదిలో తినే వాటికీ లాండ్రీకీ పూచీగా. క్రెడిట్ కార్డయితే పరిమితిలో అంత భాగం తాత్కాలికంగా తగ్గుతుంది, తర్వాత తానే విడుదలవుతుంది. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలోంచి నిజంగానే డబ్బు పోతుంది, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ప్రయాణంలో ఉండగా అదే ఖాతా మీద ఆధారపడితే ఇబ్బంది. డెబిట్ కార్డు ఒక్కటే ఉంటే డిపాజిట్ ఎంతో ముందే ఫోన్‌లో అడిగి, దాన్ని పక్కన పెట్టుకుని వెళ్లాలి. నగదుగా ఒకేసారి పెద్ద మొత్తం కడితే పాన్ నంబరు ఇవ్వాలి. గదిలో ఉండే ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ అడుగుతారు, ఆధార్ అసలుదే పెట్టుకోండి.

గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. మనవాళ్లు లడ్డూ ప్రసాదం తీసుకెళ్లి అందులో సర్దడానికి లోపలి సీసాలు, చాక్లెట్లు తీసి బయట పెడతారు. పెద్ద హోటళ్లలో కొన్నిచోట్ల వస్తువు కదిలితే చాలు బిల్లులో పడేలా సెన్సర్లు ఉంటాయి. ఫ్రిజ్ ఖాళీ చేసి ఇమ్మని హౌస్‌కీపింగ్‌కి చెబితే వాళ్లే తీసేస్తారు. అయినా లడ్డూకి ఫ్రిజ్ ఎందుకు, గట్టిపడటం తప్ప.

వెళ్లే దారి. చెన్నై నుంచి బయలుదేరి రేణిగుంట, కడప, గుంతకల్లు, సోలాపూర్, పుణె మీదుగా ముంబైలోని సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) చేరే రైళ్లు మనకు అనుకూలం. రేణిగుంట నుంచి దాదాపు 1,150 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్లు ఇంటి దగ్గరే ఎక్కాలంటే కన్యాకుమారి–పుణె జయంతి జనతా ఉంది, చిత్తూరు, పాకాల, తిరుపతి మీదుగానే వెళుతుంది, కానీ పుణెలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంకో రైలు చూసుకోవాలి. టికెట్ తీసేటప్పుడు చివరి స్టేషన్ చూడండి. సీఎస్ఎంటీ అయితే హోటల్‌కి రెండున్నర కిలోమీటర్లు. లోకమాన్య తిలక్ టెర్మినస్ అయితే అది కుర్లా దగ్గర, హోటల్‌కి చాలా దూరం.

తెల్లవారుజామున దింపే రైలైతే రెండు గంటల దాకా ఏం చేయాలన్నది ప్రశ్న. సామాను హోటల్ బెల్ డెస్క్‌లో ఇచ్చేయొచ్చు, చెక్ ఇన్ కాకముందే తీసుకుని చీటీ ఇస్తారు. స్నానం మాత్రం స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లోనో రిటైరింగ్ రూమ్‌లోనో ముగించుకుని రావడం మేలు. పొద్దున్నే గది ఖాళీగా ఉంటే ఇస్తారు, దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయకూడదు. ఆ ఖాళీ వేళకు ఛత్రపతి శివాజీ మ్యూజియం సరిగ్గా సరిపోతుంది, కిలోమీటరు దూరం.

విమానంలో వెళ్లేవాళ్లు రేణిగుంట నుంచి ఆ నెలలో నేరుగా సర్వీసు ఉందేమో చూసుకుని, లేకపోతే చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో వెళ్లాలి. ముంబై విమానాశ్రయం నుంచి కొలాబా పాతిక కిలోమీటర్లు. సాయంత్రం వేళ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. 2025 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది, విమానాశ్రయం టెర్మినళ్ల దగ్గరే స్టేషన్లున్నాయి. హుతాత్మా చౌక్‌లో దిగితే అక్కడి నుంచి టాక్సీలో కాసేపే. పెద్ద సూట్‌కేసులు లేకపోతే ఇదే తేలిక. దక్షిణ ముంబైలో ఆటోలు ఉండవు, వెతుక్కోవద్దు. నలుపు, పసుపు టాక్సీ మీటరు మీద వస్తుంది.

హోటల్ ముందు బారికేడ్లు ఉంటాయి. బస చేసేవాళ్లమని, బుకింగ్ ఉందని చెబితే బండి పోర్చ్ దాకా వెళుతుంది. సామాను ఎక్స్‌రేలోంచి, మనుషులు మెటల్ డిటెక్టర్‌లోంచి వెళ్లాలి, ప్రతిసారీ. 2008 నవంబరు ఉగ్రవాద దాడి తర్వాతి సంగతి ఇది. అప్పుడు హోటల్‌లో చనిపోయిన 31 మంది పేర్లతో లోపల స్మారకం ఉంది. బాగా దెబ్బతిన్న ప్యాలెస్ వింగ్ బాగుచేసి 2010 ఆగస్టు 15న తిరిగి తెరిచారు. స్మారకం ముందు సెల్ఫీలు తీసుకునేవాళ్లు కనిపిస్తుంటారు. అది ఆ చోటికి తగదు.

సర్వీసు గురించి. గేటు దగ్గర మనిషి నుంచి లిఫ్ట్ దగ్గర మనిషి దాకా పలకరింపు బాగుంటుంది, హడావిడి ఉండదు. ఇబ్బంది వచ్చేది రద్దీ వేళల్లో. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చెక్ ఇన్ కౌంటర్ దగ్గర, ఉదయం తొమ్మిది తర్వాత టిఫిన్ దగ్గర, పెళ్లిళ్ల సీజన్‌లో లిఫ్టుల దగ్గర నిలబడాల్సి వస్తుంది. టిఫిన్‌కి ఏడున్నరకల్లా దిగితే హాయిగా ఉంటుంది. ఇడ్లీ, దోసె ఉంటాయి, మెత్తగానే ఉంటాయి. చట్నీలో కారం మాత్రం మనవైపు నాలుకకు తెలియనే తెలియదు. చిత్తూరు కారం దోసెకు అలవాటుపడ్డవాళ్లు పార్సీ పద్ధతి గుడ్లు, బ్రెడ్డు వైపు వెళ్లడం తెలివైన పని. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు ముందురోజు రాత్రే చెబితే విడిగా చేసిపెడతారు. ప్యాలెస్ వైపు కారిడార్లు పొడవు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే లిఫ్టుకు దగ్గర గది అడగాలి.

మర్నాడు ఉదయం గేట్‌వే దగ్గర పడవెక్కి, ద్వీపంలో ఉన్న ఎలిఫెంటా గుహలకు వెళ్లి వచ్చి చెక్ ఔట్ చేద్దామని చాలామంది ప్లాన్ వేస్తారు. కుదరదు. పడవ వెళ్లడానికే గంట, రావడానికి గంట, దిగాక గుహలకు నూట ఇరవై మెట్లు. మొదటి పడవ తొమ్మిది ప్రాంతంలో బయలుదేరుతుంది. మధ్యలో ఎంత తొందరపడినా పన్నెండు దాటుతుంది, బిల్లులో అదనపు వాత పడుతుంది. ముందు గది ఖాళీ చేసి, సామాను బెల్ డెస్క్‌లో పెట్టి అప్పుడు పడవెక్కాలి. సోమవారం గుహలు మూసి ఉంటాయి. అలలు పెద్దవైతే పడవలు ఆపేస్తారు, వానాకాలంలో ఇది మామూలే. 2024 డిసెంబరు 18న ఈ దారిలోనే నేవీ బోటు ఒక ఫెర్రీని ఢీకొని ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకుని, తీసి ఒళ్లో పెట్టుకోకుండా వేసుకునే కూర్చోవాలి.

గదికి అంత పెట్టలేమనుకుంటే దారి ఉంది. ప్యాలెస్ మొదటి అంతస్తులో సీ లౌంజ్ అని టీ హాలు ఉంది, కిటికీలన్నీ రేవు వైపే. బస చేయనివాళ్లూ వెళ్లొచ్చు. టేబుల్ ముందే చెప్పుకోవాలి, కిటికీ పక్కవి మొదట నిండిపోతాయి, కాబట్టి బుక్ చేసేటప్పుడే ‘కిటికీ పక్కన’ అని అడగాలి. నిక్కరు, హవాయి చెప్పులతో వెళ్లకూడదు. రాత్రి పడకకు వెనక వీధుల్లోనూ, అదే అపోలో బందర్ ఒడ్డున ముందుకు వెళితేనూ చిన్న హోటళ్లున్నాయి, సాల్వేషన్ ఆర్మీ గెస్ట్ హౌస్ అయితే తాజ్ వెనకే. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి రెండు సీ వ్యూ గదుల కంటే ఈ పద్ధతే నయం. ఊరంతా తిరగడానికే వచ్చి రాత్రి పడుకోవడానికి మాత్రమే గదికి చేరేవాళ్లకీ ఇదే చెబుతాం.

సీ వ్యూ గది తీసుకున్నవాళ్లు మాత్రం ఆ రోజు బయటి తిరుగుడు పెట్టుకోవద్దు. రెండింటికి గదిలోకి, ఐదు దాకా కిటికీ దగ్గర, సాయంత్రం మెరైన్ డ్రైవ్, ఎనిమిదికి వెనక్కి. రాత్రి పదకొండు తర్వాత చౌకులో జనం పలచబడతారు. తెల్లవారుజామున వెలుతురు వచ్చీరాని వేళ గేట్‌వే దగ్గర ఊడ్చేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు, ఫొటోలకు అదే వేళ. ఖాళీ చేసిన రోజు రాత్రి రైలైతే మధ్యాహ్న భోజనానికి మాటుంగా వెళ్లొచ్చు. అక్కడ రామా నాయక్ ఉడుపి హోటల్ 1942 నుంచి ఉంది, అరిటాకు భోజనం. టాక్సీలో కొలాబా నుంచి పన్నెండు కిలోమీటర్లు, సామాను హోటల్‌లోనే ఉంచి వెళితే సీఎస్ఎంటీకి మళ్లీ వెనక్కి రావాల్సిందే కనుక రైలుకు రెండు గంటల ముందు మాటుంగాలో బయలుదేరాలి.